నెబ్రాస్కా మట్టింట్లో సోమవారం

ఇవాళ సోమవారం. 1880ల నాటి అమెరికాలో, నెబ్రాస్కా రాష్ట్రపు పల్లెల్లో సోమవారమంటే బట్టలుతికే రోజు. పొద్దున్నుంచి నా ధ్యాసంతా అక్కడి కస్టర్ కౌంటీ రైతు ఇల్లాళ్ల మీదే ఉంది. సాలొమన్ బుచర్ అనే ఫొటోగ్రాఫర్ 1886 నుంచి అక్కడ తిరుగుతూ, గడ్డివేళ్లతో సహా కోసిన మట్టిపెళ్లలతో కట్టుకున్న ఇళ్ల ముందు కుటుంబాలను నిలబెట్టి ఫొటోలు తీశాడు. వాటిలో ఏది చూసినా నా కళ్లు ముందు బావి కోసం వెతుకుతాయి.

ఎందుకంటే ఒక ఉతుకు, ఒక ఉడుకు, ఒక జాడింపు కలిపితే దాదాపు 50 గ్యాలన్ల నీళ్లు కావాలి. అంటే 190 లీటర్లు. రెండున్నర గ్యాలన్ల బకెట్‌తో ఇరవై సార్లు మోయాలి. మెట్టమీద ఇల్లు కట్టుకున్నవాళ్లకు బావి చాలా లోతు తవ్వితే గానీ నీరు పడదు. అందాకా వాగు నుంచి బండి మీద పీపాల్లో తెచ్చుకోవడమే.

తెచ్చిన నీళ్లు వెంటనే పనికిరావు. బావినీళ్లలో సున్నపుసారం ఎక్కువుంటే సబ్బు నురగ రాదు, విరిగి జిడ్డుముద్దలై బట్టకు బూడిదరంగు పట్టిస్తుంది. అందుకని ముందు కాస్త చాకలిసోడా వేసి కాచి, పైకి తేలిన తెట్టు తీసేసి, ఆ తర్వాతే సబ్బు తురిమేవారు. ఆ సబ్బూ ఇంట్లో కాచిందే. దాదాపు 6 పౌండ్ల పందికొవ్వుకో పశువుల కొవ్వుకో ఒక డబ్బా కాస్టిక్ సోడా. సోడాను నీళ్లలో పోయాలి గానీ నీళ్లను సోడాలో పోయకూడదు, ఎగజిమ్మి ముఖం కాలుతుంది. చెట్లున్న రాష్ట్రాల్లో కట్టెబూడిద వడగట్టిన క్షారంతో కాచేవారు. బూడిదలో ఉండేది పొటాషియం కాబట్టి ఆ సబ్బు జావలాగే ఉండిపోతుంది, ఉప్పు వేస్తేనే గట్టిపడుతుంది. ఈ బయళ్లలో చెట్లే తక్కువ, ఇక కట్టెబూడిద ఎక్కణ్నుంచి వస్తుంది?

పొయ్యిలోకీ అదే కరువు. మొక్కజొన్న కంకుల బెండ్లు, మెలితిప్పిన గడ్డిచుట్టలు, ఎండిన పేడ. మనవాళ్లు పేడ కలిపి గోడకు పిడకలు కొడతారు, అక్కడ మేతబయలులో ఎండిపోయినవాటినే ఏరుకునేవారు. ఇవన్నీ భగ్గున మండి చప్పున ఆరిపోయేవే, పైగా బూడిద ఎక్కువ. కాగు మరగాలంటే పొయ్యి ముందు నుంచి కదలడానికి లేదు. రొట్టెపిండి పిసుకుతున్న చేతులు కడుక్కుని పేడ ఎగదోయాలి, మళ్లీ కడుక్కుని పిండి పట్టుకోవాలి. చంటిపిల్లలు కాగు దగ్గరికి పాకకుండా ఒక కన్ను అటే ఉంచాలి. ఆ పొయ్యి మీదే ఓ పక్కన చిక్కుళ్లు ఉడుకుతుంటాయి. ఉతుకురోజు వంట అంతకుమించి సాగదు.

ఉతకడానికి ఒక వరస ఉంది, అది తప్పితే బట్ట పాడవుతుంది. తెల్లవి ఆదివారం రాత్రే నానబెట్టి, గాళ్లున్న జింకురేకు పలక మీద రుద్ది, సబ్బునీళ్లలో ఉడికించి కర్రతో దేవాలి. తర్వాత రంగుబట్టలు, చివర పొలం ప్యాంట్లు, వీలైనంతవరకు అవే నీళ్లలో. ఉన్నిబట్టకు గోరువెచ్చని నీళ్లే, జాడింపు నీళ్లూ అదే వెచ్చదనంలో ఉండాలి, లేకపోతే పెద్దవాడి లోచొక్కా పిల్లాడికి సరిపోయేంత ముడుచుకుపోతుంది. నీలిమందు దగ్గర ఇంకో ప్రమాదం. ప్రష్యన్ బ్లూ అనే నీలిరంగుతో చేసిన నీలిమందులో ఇనుము ఉంటుంది. సబ్బు పూర్తిగా జాడించకుండా దాంట్లో ముంచితే క్షారానికి ఆ నీలం విరిగి, ఇస్త్రీ చేసేసరికి దుప్పటి మీద తుప్పుమచ్చలు తేలతాయి. నీళ్లు పొదుపు చేద్దామని జాడింపు తగ్గించినవాళ్లకు జరిగేది ఇదే.

ఆరేయడం బయటే. ఇంట్లో ఆరేస్తే కప్పు నుంచి మట్టి రాలుతుంది. కప్పు కింద మస్లిన్ గుడ్డ కట్టుకున్నా, వాన వెలిశాక కూడా బురదనీళ్లు కారుతూనే ఉంటాయి. 1874లో మిడతల దండు వచ్చినప్పుడు పంటలతో పాటు బట్టలనూ కొరికేశాయి.

1862 నాటి హోమ్‌స్టెడ్ చట్టం ప్రకారం 160 ఎకరాల ప్రభుత్వ భూమి చేతికి రావాలంటే ఐదేళ్లు ఆ నేల మీద కాపురముండి సాగు చేయాలి. ఆర్నెల్లకు మించి వదిలిపోతే హక్కు పోతుంది. పంట దక్కక మొగుడు రైలుదారి పనికో కోతకూలికో వెళ్తే, ఆ కాపురం తెగకుండా నిలబెట్టింది పిల్లలతో అక్కడే ఉండిపోయిన భార్య. పట్టా మాత్రం ఆయన పేరున. పెళ్లయిన స్త్రీని ఆ చట్టం మామూలుగా ఇంటిపెద్దగా లెక్కించలేదు. విధవలకు, 21 ఏళ్లు నిండిన పెళ్లికాని స్త్రీలకు ఆ వీలుండేది. బుచర్ ఫొటోలో నిలబడ్డ క్రిస్‌మన్ అక్కచెల్లెళ్లలో కొందరు అలా సొంత పేర్లతో భూమి రాయించుకున్నవారే. నా మట్టుకు ఆ పట్టాల్లో సగం పేరు ఉతికి, పిండి, ఆరేసిన ఆ ఇల్లాలిదే.

సాయంత్రం పాలు పిండుకుని, ఆరిన బట్టల మీద నీళ్లు చిలకరించి, గట్టిగా చుట్టలు చుట్టి పెట్టేవారు. గంజిపెట్టినవి అలా రాత్రంతా సమంగా చెమ్మ పీల్చుకుంటేనే మర్నాడు ఇస్త్రీకి లొంగుతాయి. మంగళవారం పొయ్యి మీద ఇనుప ఇస్త్రీపెట్టెలు రెండు మూడు ఉండాలి, ఒకటి చల్లబడేలోగా ఇంకొకటి కాగాలి. ఒక్కోటీ 6, 7 పౌండ్ల బరువు. పేడబూడిద రేగే పొయ్యి కదా, పెట్టె అడుగున మసి ఉండనే ఉంటుంది. ఉప్పు చల్లిన గుడ్డ మీద దాన్ని రుద్ది, తేనెమైనం తాకించి గానీ తెల్లచొక్కా జోలికి వెళ్లకూడదు.