ఉక్కు అస్థిపంజరాన్ని విడిపించుకున్న వైనం

పిల్లల కోసం బొమ్మలతో నేను తీస్తున్న ఐదు నిమిషాల స్టాప్ మోషన్ చిత్రానికి కావలసిన, బొమ్మ లోపల ఎముకల్లా అమర్చే ఉక్కు అస్థిపంజరం ఎట్టకేలకు నిన్న సాయంత్రం నా చేతికి అందింది. ఇటువంటి సామాను విదేశం నుంచి తెప్పించుకునేవారికి ఉపయోగపడుతుందనీ, వివరాలు మరుపున పడకముందే రాయాలనీ వెంటనే కూర్చున్నాను.

నా కథ చింతచెట్టు తొర్రలో కాపురముండే గుడ్లగూబ ముఖపు జీవులది. అవి పిల్లలను ఎత్తుకుపోతాయని ఊరంతా నమ్ముతుంది; నిజానికి అవి రాత్రంతా గాదెల చుట్టూ తిరిగి, ఎలుకలను పట్టి, ఊరి ధాన్యాన్ని కాపాడుతుంటాయి. కథ రాసుకోవడం, చెట్టునూ గాదెలనూ అట్టముక్కలతో కట్టుకోవడం, కెమెరా అమర్చుకోవడం సాఫీగానే జరిగిపోయాయి. చిక్కంతా బొమ్మ లోపలి ఎముకలతో వచ్చింది. స్టాప్ మోషన్‌లో బొమ్మను కొద్దికొద్దిగా కదుపుతూ ఒక్కొక్క ఫొటో తీస్తాం. సెకనుకు 24 ఫ్రేములు కావాలి. ఒక్కొక్క భంగిమను రెండేసి ఫ్రేములు ఉంచినా సెకనుకు 12, ఐదు నిమిషాలకు 3,600 భంగిమలు అవుతాయి. బొమ్మ లోపల ఎముకలుగా అల్యూమినియం తీగ పెడితే అది అన్ని వంపులకు ఆగదు. వంగి వంగి మణికట్టు దగ్గరో చీలమండ దగ్గరో పుటుక్కున విరుగుతుంది, అప్పటిదాకా తీసిన షాటంతా వృథా అవుతుంది. అందుకే రెండు పలకల మధ్య ఉక్కు గోళీలు బిగించిన కీళ్లున్న అస్థిపంజరాన్ని బయటి దేశం నుంచి తెప్పించాను.

పార్శిల్ కస్టమ్స్ తనిఖీలో ఆగిపోయింది. గుర్తింపు పత్రాలు, బిల్లు, డబ్బు చెల్లించిన రసీదు అడిగితే అదే రోజు పంపాను. ఆ తరువాత వచ్చిన లేఖలో ఇది పిల్లల ఆటవస్తువు కనుక ఐ.ఎస్.ఐ. ముద్ర చూపాలని ఉంది. మన దేశంలో 2021 జనవరి 1 నుంచి పద్నాలుగేళ్లలోపు పిల్లలు ఆడుకునే వస్తువులకు ఆ ముద్ర తప్పనిసరి. దిగుమతి ఆటవస్తువుల మీద సుంకాన్ని కూడా 2020లో 20 శాతం నుంచి 60 శాతానికీ, 2023లో 70 శాతానికీ పెంచారు. ఆ ముద్ర నియమంతో నాకు ఏ తగవూ లేదు. నాసిరకం ప్లాస్టిక్ బొమ్మలు పసిపిల్లల నోళ్లలోకి వెళ్లకుండా ఆపడం మంచి పని. పైగా కొండపల్లి, ఏటికొప్పాక బొమ్మల వంటి భౌగోళిక గుర్తింపు పొందిన వస్తువుల అధీకృత తయారీదారులకు ఆ నియమంలోనే మినహాయింపు ఉంది. నా బాధల్లా, మరలూ పలకలూ తప్ప చర్మమైనా లేని ఒక పనిముట్టును ఆ నియమం కిందికి ఈడ్చుకొచ్చినందుకే.

నేనే కస్టమ్స్ కార్యాలయానికి వెళ్తే, కౌంటరులో ఉన్న యువకుడు పెట్టె తెరిచి, అస్థిపంజరాన్ని ఒక కాలు పట్టుకుని తలకిందులుగా ఎత్తి, వరుసలో ఉన్నవారందరికీ చూపిస్తూ, "ఏంటి మేడమ్, ఈ వయసులో బొమ్మలాటలా?" అన్నాడు. వెనుక ఎవరో నవ్వారు. సినిమా పని మీద తెప్పించానని చెప్పాను. ఎవరి కోసం ఆ సినిమా అని అడిగాడు. పిల్లల కోసం అన్నాను. "పిల్లల కోసమని మీరే ఒప్పుకుంటున్నారు, ఇక ఆటవస్తువు కాదంటే ఎలా?" అని ఫైలు మూసి పక్కకు నెట్టాడు. పిల్లలు చూసే సినిమాకు వాడిన కెమెరా కూడా ఆటవస్తువేనా అని అడిగితే బదులు లేదు. కొరియర్ సంస్థ తరఫు మనిషి నన్ను పక్కకు పిలిచి, వాళ్లు ఏమంటే దానికి ఒప్పుకుని కట్టేయమనీ, లేదంటే పార్శిల్ వదిలేసుకోమనీ, నిల్వ ఛార్జీ రోజురోజుకూ పెరుగుతుందనీ భయపెట్టాడు. అక్కడ అందరి ఎదుట నాకు కలిగిన అవమానం మాటల్లో చెప్పలేనిది. అయినా నేను అక్కడి నుంచి కదలలేదు. పై అధికారిని కలవాలని తెల్లకాగితం మీద రాసి, అందినట్టు ముద్ర వేయించుకున్నాను.

పై అధికారి మర్యాదస్తుడు, "కూర్చోండమ్మా" అన్నారు. ఆయన బల్ల మీదే అస్థిపంజరాన్ని నిలబెట్టి, అలెన్ కీతో, అంటే మరలు బిగించే చిన్న వంపు కడ్డీతో, మోకాలి మర బిగించి, ఒక కాలు గాలిలోకి ఎత్తి వదిలాను. అది అలాగే ఉండిపోయింది. పాదాల్లో ఉన్న మరరంధ్రాలు చూపించి, సెట్టు నేల కింది నుంచి మర బిగిస్తేనే బొమ్మ ఒంటికాలి మీద పడకుండా నిలుస్తుందని వివరించాను. ఆ తరువాత ఫోనులో, 2014లో వచ్చిన స్టాప్ మోషన్ సినిమా "ద బాక్స్‌ట్రోల్స్" ముగింపు చూపించాను. అట్టపెట్టెలు తొడుక్కున్న జీవులు పిల్లలను ఎత్తుకుపోతాయని ఒక నగరం భయపడే కథ అది. అమెరికాలోని ఒరెగాన్ రాష్ట్రానికి చెందిన లైకా స్టూడియో తీసింది. చివరి పేర్ల నడుమ రెండు బొమ్మ పాత్రలు మాట్లాడుకుంటుండగా కెమెరా వెనక్కు జరిగి, వాటిని చేత్తో కదుపుతున్న యానిమేటర్ కనిపిస్తాడు. పై అధికారి దాన్ని మళ్లీ ఒకసారి వేయించుకుని చూశారు. నా సామానును ఆటవస్తువు కాకుండా చిత్రీకరణ పరికరంగా పరిగణించాలని కోరుతూ, ఫొటోలూ వాడకం వివరాలూ జతచేసి లేఖ ఇమ్మన్నారు. ఆ లేఖ మీద పార్శిల్ కదిలింది. మామూలు సుంకంతో పాటు, తప్పు నాది కాకపోయినా, నిల్వ ఛార్జీ కూడా కట్టాను.

తెప్పించుకునేవారు అమ్మేవారితో ముందే మాట్లాడి, బిల్లులో ఉక్కు భాగాలనీ, చిత్రీకరణకనీ, పిల్లలు ఆడుకునేది కాదనీ స్పష్టంగా రాయించుకోవాలి. అలెన్ కీ వెంట తీసుకువెళ్లండి. కొరియర్ మనుషుల సలహా మాత్రం వినకండి. వాళ్లకు కావలసింది పార్శిల్ వదిలించుకోవడమే.

రెండో జీవికి నేనిక విదేశానికి డబ్బు పంపదలచుకోలేదు. మా వీధి చివరి లేత్ మిషన్ ఆయనకు ఈ కీళ్లు చూపిస్తే, గోళీకి కడ్డీ అతికించడం ఒక్కటే కష్టమనీ, పలకలు తేలికేననీ చెప్పి, భుజం కీలు ఒకటి నమూనాగా చేసి ఇచ్చారు. బిగువు విదేశీ దానికి ఏమాత్రం తీసిపోలేదు. మోకాళ్లు వచ్చే వారం ఇస్తానన్నారు.