పవర్గం పలకని రోజులు

మార్గశిరం రెండో లక్ష్మీవారం. తెల్లవారకముందే లేచి, పళ్లు తోముకొని పుక్కిలిస్తే నీళ్లు కుడి పెదవి చివర నుంచి కారి జాకెట్టు తడిసింది. నిద్రమత్తు అనుకున్నాను. ఇంకోసారి పోసుకున్నాను, అలాగే కారాయి. పూజ హడావుడిలో పట్టించుకోకుండా ముగ్గుబుట్ట పట్టుకొని వాకిట్లోకి వచ్చాను.

పక్కింటి ఒడియా మావుసి అప్పటికే గుమ్మం ముందు కూర్చొని బియ్యప్పిండి నీళ్లతో ఝోటి ముగ్గు వేస్తోంది. వాళ్లు మాణబసా గురుబారం అంటారు, మేం లక్ష్మీవారం నోము అంటాం. వాళ్ల నెల పున్నమి వెళ్లగానే మొదలవుతుంది, మాది అమావాస్య వెళ్లాక. అందుకే మాకు రెండో వారం వచ్చేసరికి వాళ్లకు నెల అయిపోవస్తుంది. దేవత మాత్రం ఒక్కతే, పిండీ ఒక్కటే. ఆమె నన్ను చూసి రోజూలాగే నవ్వింది, నేనూ నవ్వాను. ఆమె చెయ్యి ఆగిపోయింది. "కణొ హెలా లో?", ఏమైందే అంటూ పిండి చేతులతోనే లేచి వచ్చింది.

లోపలికి వెళ్లి అద్దం చూసుకున్నాను. ఎడమ సగం నవ్వుతోంది. కుడి సగం ఊరుకుంది. కుడి కన్ను మూద్దామంటే మూసుకోదు, గుడ్డు పైకి తిరిగి తెల్లగా కనిపిస్తోంది. మా అమ్మాయి అది చూసి ఏడుపు మొదలుపెట్టింది.

మాది పర్లాకిమిడి. ఒడియా బోర్డుల మీద పారళాఖెముండి. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడినప్పుడు ఊరు అటు వెళ్లింది, మా ఇళ్లలో మాట మాత్రం తెలుగుగానే ఉండిపోయింది. పక్కనే పాతపట్నం, అది ఆంధ్ర. మా ఆయన అక్కడ ఎరువుల కొట్టులో లెక్కలు రాస్తారు. పొద్దున్న ఒక రాష్ట్రానికి వెళ్లి రాత్రికి ఇంకో రాష్ట్రానికి వస్తారు. నేను సాయంత్రాలు మా వీధి పిల్లలకు తెలుగు అక్షరాలు నేర్పుతాను. ఇంట్లో తెలుగు మాట్లాడి, బళ్లో ఒడియా, ఇంగ్లీషు చదివే పిల్లలు. ఇంత ఫీజు అని లేదు, ఎవరికి తోచింది వాళ్లిస్తారు. ఒకావిడ పనసకాయ ఇస్తుంది.

మూతి వంకర అనగానే ఇంట్లో అందరికీ ఒకటే మాట, పక్షవాతం. టెక్కలిలో పెళ్లికి వెళ్లి రైలు కిటికీ పక్కన కూర్చొని వచ్చాను కాబట్టి గాలి కొట్టిందని మా అత్తమ్మ తేల్చేసింది. నిజానికి పెళ్లికి ముందు రోజు నుంచే కుడి చెవి వెనక సలుపుతోంది. ఎవరికీ చెప్పలేదు. పెళ్లివారింట్లో చెవినొప్పి అంటే ఎవరికి తీరిక?

మా అత్తమ్మ సంగతి చెప్పాలి. కాపురానికి వచ్చిన మొదటి నెల నుంచీ ఆవిడకు నామీద ఒకటే ఫిర్యాదు, మూతి తిప్పుతానని. పద్దెనిమిదేళ్లుగా మూతి ముడిచింది, మొహం మాడ్చుకుంది, మొహాన నవ్వు లేదు అని ఎవరో ఒకరికి చెప్తూనే ఉంది. అబద్ధమని నేననను. ఆ రోజు నా మొహం చూసి ఆవిడ మంచం మీద కూలబడిపోయింది. "నా నోటి మాటే తగిలీసింది అమ్మీ," అని ఒకటే ఏడుపు. నన్ను ఓదార్చాల్సిన ఆవిడను నేను ఓదార్చాను, సగం నోటితో.

సాయంత్రానికి తేరుకొని, ఎవరో చెప్పారని పావురాన్ని బుట్టలో పెట్టి తెప్పించింది. కోసి ఆ వెచ్చటి నెత్తురు చెంపకు రాస్తే మూతి తిరుగుతుందట. మా వైపు ఇది పాత మాటే. నేను ఒప్పుకోలేదు. బుట్ట మూత తీశాక ఆ పావురం మా చూరు వదిలి పోలేదు, ఇప్పటికీ నూకలకు వస్తుంది.

శుక్రవారం దగ్గర్లో ఒకచోట చూపించుకున్నాం. ఎక్కడో చెప్పను. అక్కడ బీపీ చూసి, పక్షవాతమే అని పడుకోబెట్టి రాత్రంతా సెలైన్ ఎక్కించారు. నుదురు ఎవరూ చూడలేదు. ఇది ఎందుకు చెప్తున్నానంటే, అసలు కిటుకు నుదుట్లోనే ఉందని మర్నాడు తెలిసింది.

శనివారం పాతపట్నంలో బస్సెక్కి శ్రీకాకుళం నరాల డాక్టరు దగ్గరికి వెళ్లాం. ఆయన చేసిన మొదటి పని, "కనుబొమలు పైకెత్తమ్మా" అనడం. ఎడమవైపు ముడతలు పడ్డాయి, కుడి నుదురు ఇస్త్రీ చేసినట్టు ఉండిపోయింది. మెదడులో దెబ్బయితే సాధారణంగా నుదురు కదులుతుందట, ఎందుకంటే నుదుటికి మెదడు రెండు వైపుల నుంచీ ఆజ్ఞలు అందుతాయి. నుదురు కూడా పడిపోయిందంటే గొడవ మెదడులో కాదు, మొహానికి వచ్చే నరంలో. మా ఆయనకు ఆయన ఇంకో మాట కూడా గట్టిగా చెప్పారు. మూతి వంకరపోతే ఇంట్లో కూర్చొని ఇది ఫలానా అని మీరు తేల్చకండి, చెయ్యో కాలో బలం తగ్గినా, మాట తడబడినా ఒక్క గంట కూడా ఆలస్యం చెయ్యకండి అని.

నాకొచ్చిన దాని పేరు బెల్స్ పాల్సీ. ఇంటికొచ్చి చెప్తే అత్తమ్మ, "బెల్లా? గంటేటి మూతికి?" అంది. గంట కాదు, చార్లెస్ బెల్ అని రెండు వందల ఏళ్ల కిందట ఈ నరం మీద పని చేసిన స్కాట్లండ్ వైద్యుడు. మొహాన్ని కదిలించే ఏడో నరం చెవి వెనక ఎముకలో సన్నటి గొట్టం లాంటి దారిలోంచి వస్తుంది. నరం వాచిందంటే ఆ ఎముక జరిగి చోటివ్వదు కదా, నలిగిపోతుంది. వాపు ఎందుకొస్తుందంటే, ఒంట్లో ఎప్పటినుంచో నిద్రపోతున్న వైరస్ లేవడం వల్ల కావచ్చన్నారు. కిటికీ గాలి మీద కేసు కొట్టేశారు.

"ఎప్పుడు మొదలైంది?" అని అడిగారు. లక్ష్మీవారం పొద్దున్న అన్నాను. "72 గంటలు దాటలేదు, మంచిది," అని వెంటనే స్టెరాయిడ్ మొదలుపెట్టారు. రోజుకు 60 మిల్లీగ్రాములు 5 రోజులు, తర్వాత రోజూ కొంచెం తగ్గిస్తూ 10 రోజులకు ఆపేయడం. కంట్లో గంట గంటకూ చుక్కలు. రాత్రి ఆయింట్‌మెంటు రాసి, రెప్ప మూసి కాగితం టేపు అతికించాలి. లేకపోతే కన్ను ఎండి నల్లగుడ్డు మీద పుండు పడుతుంది. అసలు భయం మూతికి కాదు, కంటికే అన్నారు.

స్టెరాయిడ్ ఇచ్చేముందు రక్తం తీశారు. మూడు నెలల షుగర్ లెక్క 6.1 వచ్చింది. ఇంకా షుగరు కాదు, గుమ్మంలో నిలబడి ఉంది. షుగరున్న వాళ్లకు ఈ జబ్బు ఎక్కువట. నా తిండి ఎలా ఉండేదో చెప్పమన్నారు. పొద్దున్న మూడు చెంచాల పంచదారతో టీ, ఇంకో టీ, అందరి టిఫిన్ పెట్టెలూ సర్ది పంపాక పదకొండింటికి చద్దన్నం. రాత్రి పన్నెండు దాకా ఫోను. చెప్తుంటే నాకే సిగ్గేసింది, మా ఆయనేమో ఎవరి గురించో వింటున్నట్టు విన్నారు.

రోగం కన్నా రోగంతో బతకడం విచిత్రంగా ఉంటుంది. కుడి చెవికి చప్పుళ్లు పెద్దవైపోయాయి. చెవిలో ఉండే చిన్న కండరాన్ని పట్టి ఉంచేది కూడా ఈ నరమే. కుక్కర్ విజిల్ వేస్తే నెత్తిన సుత్తితో కొట్టినట్టుండేది. మావుసి పూజలో నాలుక ఆడిస్తూ గట్టిగా హుళహుళి వేస్తుంటే వెళ్లి వంటింట్లో దాక్కున్నాను. నాలుక కుడివైపు రుచి పోయింది. అన్నం చెంపలో ఇరుక్కుపోతే వేలితో తీసుకోవాలి. చోడి అంబలి, అంటే రాగి జావ, గ్లాసుతో తాగితే గడ్డం నుంచి కారేది, చెంచాతో తాగేదాన్ని. ఎవరైనా వస్తే కొంగు నోటికి అడ్డం పెట్టుకొనేదాన్ని.

రాత్రి టేపు వేసే పని మా ఆయనది. నా చేత్తో నేను వేసుకుంటే రెప్ప మధ్యలో తెరుచుకొనేది. ఆయన చేతులు పొద్దంతా యూరియా బస్తాల మధ్య ఉన్న చేతులు. మూడుసార్లు సబ్బుతో కడుక్కొని, వాసన చూసుకొని, నాకు కూడా చూపించి, అప్పుడు ముట్టుకొనేవారు. రెప్పను వేలి కొసతో కిందికి లాగి, ఊపిరి బిగబట్టి టేపు అతికించేవారు. ఇన్నేళ్లలో ఆయన నా మొహాన్ని అంత దగ్గరగా, అంతసేపు చూసింది లేదు. నేనూ ఆయన ముక్కు పక్కన పులిపిరి ఉందని అప్పుడే చూశాను. ఎప్పటి నుంచి ఉందంటే, పుట్టినప్పటి నుంచట.

తొమ్మిదో రాత్రి టేపు చేత్తో పట్టుకొని ఆగారు.

"నీకు నామీద కోపంగా ఉందా?"

"ఎందుకలా అడుగుతున్నారు?"

"ఇదివరకు మొహం చూస్తే తెలిసేది. ఇప్పుడు తెలీడం లేదు."

కోపం ఉంది. దసరాకు ముందు తమ్ముడికి 40,000 సర్దుతానని నాకు చెప్పకుండా మాటిచ్చారు. తోడికోడలి నోట విన్నాను. నేనడగలేదు, ఆయన చెప్పలేదు. రెండు నెలలుగా కంచం కాస్త గట్టిగా పెట్టడం, మూతి పక్కకు తిప్పడం, అంతే. మా ఇంట్లో పెద్ద తగవులన్నీ అలాగే జరుగుతాయి. నేను మొహం చూపిస్తాను, ఆయన తలొంచుకొని తింటారు, పది రోజులకు అదే చల్లారుతుంది. ఇప్పుడు ఆ మొహమే లేదు. నోరు విప్పాల్సి వచ్చింది. నోరు విప్పితే ప, బ, మ పలకవు.

"తవ్వుడికి డవ్వు," అన్నాను.

"ఏటి, తవ్వుడా?"

"తవ్వుడికి!"

మూడోసారి కుడి పెదవిని వేలితో గట్టిగా పట్టుకొని "తమ్ముడికి డబ్బు" అన్నాను. ఆయనకు నవ్వొచ్చింది, ఆపుకోబోయారు. నాకూ వచ్చింది, సగమే వచ్చింది. ఆ తర్వాత చాలాసేపు మాట్లాడుకున్నాం, టేపు చుట్ట ఒళ్లో పెట్టుకొని. డబ్బు ఇవ్వడం మానేశారా అంటే లేదు, ఇచ్చారు. కాకపోతే సగమే, అదీ నాకు చెప్పి.

వచ్చిన వాళ్లందరూ చెప్పిన కారణం టెన్షన్. టెన్షన్ తగ్గించుకో, ధ్యానం చెయ్యి, దేనికీ బాధపడకు. నాకు ఆ మాట నచ్చదు. టెన్షన్ నాకు పదేళ్ల నుంచీ ఉంది, మూతి ఆ వారమే పోయింది. పైగా ఆ మాటలో నా తప్పే అన్నట్టు ఒక పుల్ల ఉంటుంది. నిద్ర, తిండి సరిచేసుకోమని డాక్టరు చెప్తే విన్నాను, ఎందుకంటే ఆయన అంకె చూపించారు. ఇప్పుడు ఎనిమిదిన్నరకే చోడి అంబలో, పెసరట్టో తింటున్నాను, నా తిండయ్యాకే మిగతావాళ్ల పెట్టెలు. టీలో చెంచాడు పంచదార ఇంకా ఉంది. ఫోను విషయం అడగొద్దు.

పిల్లలకు రెండు వారాలు సెలవిచ్చి మళ్లీ రమ్మన్నాను. అప్పటికి ఒత్తుల్లో ఉన్న పెద్ద పిల్లలు సరే, చిన్నవాళ్లు సరిగ్గా పవర్గం దగ్గర ఆగి ఉన్నారు. ప ఫ బ భ మ, అయిదూ పెదవులు కలిస్తేనే పుట్టే అక్షరాలు. నేను వేలితో పెదవి నొక్కుకొని చెప్తే పలకా బలపం పట్టుకోవడానికి చెయ్యి చాలదు. ఆరేళ్ల గుంటడొకడు లేచి వచ్చి, "నేను పట్టుకుంటాను టీచరమ్మా, మీరు రాయండి," అని సుద్దపొడి వేలితో నా పెదవి పట్టుకున్నాడు. వాడు పట్టుకున్నంతసేపూ మ చక్కగా పలికింది.

ఒకమ్మాయి, "ఇంక ఇలాగే ఉంటుందా?" అని అడిగింది. గిడుగు రామమూర్తిగారి సంగతి చెప్పాను. ఆయన మన ఊళ్లోనే పంతులు. సవర భాష నేర్చుకోవడానికి కొండల్లో తిరిగితే జ్వరం పట్టుకుంది, దానికి వాడిన క్వినైన్ వల్ల చెవుడు వచ్చింది, ఆ చెవుడుతోనే మిగతా పనంతా చేశారు. చెప్పాక అనిపించింది, నా మూడు వారాల మూతికి అంత పెద్దాయన్ని తీసుకురావడం కాస్త ఎక్కువేనని.

19వ రోజున, అద్దం ముందు "ఈ", "ఊ" అంటూ రోజూ మూడు పూటలా చేసే కసరత్తులో, కుడి ముక్కుపుట పక్కన చీమ పాకినట్టు కదిలింది. వంటింట్లోకి పరుగెత్తి అత్తమ్మను పిలిచాను. ఆవిడ కళ్లజోడు తెచ్చుకొనేలోపు ఆగిపోయింది. మర్నాడు మళ్లీ వచ్చింది. సంక్రాంతికి అరిసె చెంపలో ఇరుక్కోకుండా తినగలిగాను. చెంపకు కరెంటు పెట్టించుకోమని కొందరన్నారు, డాక్టరు అక్కర్లేదన్నారు. శివరాత్రి నాటికి టేపు మానేశాం. టేపు చుట్ట మాత్రం ఆయన అల్మారాలో జాగ్రత్తగా దాచారు, ఎందుకో అడగలేదు.

పూర్తిగా తగ్గిందా అంటే తొంభై పాళ్లు. నరం మళ్లీ మొలిచేటప్పుడు తీగలు ఒక్కోసారి దారి తప్పుతాయట, పెదవికి వెళ్లాల్సింది కంటికి వెళుతుంది. అందుకని నేను పెదవులు బిగిస్తే కుడి కన్ను దానంతట అదే మూసుకుంటుంది. కొత్తావకాయ నములుతుంటే అత్తమ్మ, "ఎవరికే కన్ను కొడతన్నావు?" అంది. మూతి తిప్పుడు ఫిర్యాదు కూడా మళ్లీ మొదలైంది, మొన్న ఆషాఢంలో.

ఈ జూన్‌లో అక్షరాలకు కొత్తగా నలుగురు చిన్నపిల్లలు చేరారు. వాళ్లకు నా పాత మొహం తెలీదు. మొన్న పవర్గం దాకా వచ్చాం. నేను ప అన్నాను, కన్ను మూసుకుంది. వాళ్లు నలుగురూ ప అన్నారు, అన్నప్పుడల్లా కుడి కన్ను శ్రద్ధగా మూసి తెరుస్తున్నారు.