లైమర్ట్ పార్కులో క్వాంజా

డిసెంబర్ 26న లాస్ ఏంజలెస్‌లో సగం జనం షాపింగ్ మాల్స్‌లోనే ఉంటారు. క్రిస్మస్‌కి వచ్చిన బహుమతుల్లో నచ్చనివి వాపసు ఇచ్చేవాళ్ళు కొందరు, సేల్ కోసం ఎగబడేవాళ్ళు కొందరు. అదే రోజు క్రెన్‌షా బులివార్డ్ మీద మాత్రం డప్పులు మోగుతాయి. నల్లజాతి అమెరికన్ల పండుగ క్వాంజా ఆ రోజు మొదలై జనవరి 1 దాకా ఏడు రోజులు జరుగుతుంది. ఇప్పుడు అమెరికాలో ఏ పెద్ద ఊరికి వెళ్ళినా క్వాంజా వేడుక ఒకటి కనిపిస్తుంది గానీ, ఇది పుట్టింది ఈ నగరంలోనే, 1966లో. అందుకే చూస్తే ఇక్కడే చూడాలని ఎప్పటినుంచో అనుకుంటున్నాను.

ప్రొద్దుటూరు నుంచి మా అమ్మ వచ్చి ఉంది. సెలవులకి శాన్ హోసే నుంచి ఇద్దరం కారులో దిగాం. అమ్మకి యూనివర్సల్ స్టూడియోస్ మీద ఏమాత్రం మోజు లేదు. "తిరనాళ్ళ లాంటిది ఏమన్నా ఉంటే చూపీమ్మీ" అంది. అంతకంటే మంచి సందు నాకు దొరకదు.

కారు హోటల్లోనే వదిలేసి మెట్రో ఎక్కాం. 'E' లైన్‌లో ఎక్స్‌పో/క్రెన్‌షా దాకా వెళ్ళి, అక్కడ 'K' లైన్‌కి మారి రెండో స్టేషన్‌లో దిగితే లైమర్ట్ పార్క్. 2022 అక్టోబరులో తెరిచిన భూగర్భ స్టేషన్ అది. మెట్లెక్కి పైకి రాగానే ఎండ, సాంబ్రాణి లాంటి ధూపం వాసన, బార్బెక్యూ పొగ ఒక్కసారిగా తగిలాయి. డిసెంబర్ అంటే స్వెట్టర్ తీయని అమ్మ, ఇక్కడ తీసి నా చేతికిచ్చేసింది.

ఈ పేట కథ చిత్రమైనది. 1920ల చివర్లో వాల్టర్ లైమర్ట్ అనే బిల్డర్, ఓమ్‌స్టెడ్ బ్రదర్స్ అనే పేరున్న సంస్థ చేత ప్లాన్ గీయించి కట్టించాడు. ఇళ్ళ దస్తావేజుల్లోనే తెల్లవాళ్ళకి తప్ప అమ్మకూడదని రాసుకున్నారు. 1948లో అమెరికా సుప్రీంకోర్టు అలాంటి షరతుల్ని కోర్టుల ద్వారా అమలు చేయడం కుదరదని తేల్చాక, జపనీస్ అమెరికన్లూ నల్లవాళ్ళూ మెల్లగా వచ్చి చేరారు. తర్వాత ఇది నల్లజాతి కళాకారుల అడ్డా అయిపోయింది. డెగ్నన్ బులివార్డ్ మీద ఉన్న కళావేదిక వరల్డ్ స్టేజ్‌ని 1989లో జాజ్ డ్రమ్మర్ బిల్లీ హిగ్గిన్స్, కవి కమావు దావూద్ కలిసి మొదలుపెట్టారు. అక్కడ ఇప్పటికీ పాఠాలు చెబుతారు, కవిత్వం చదువుతారు. ఇదే వీధిలో ఎసో వాన్ అనే పుస్తకాల షాపు ఉండేది. 2022 చివర్లో మూసేశారు. ఏ పుస్తకప్రియుడితో మాట్లాడినా ముందు దాని గురించే బాధపడతాడు.

ఊరేగింపు పేరు క్వాంజా గ్వారిడే. ఉత్తరాన ఆడమ్స్ బులివార్డ్ దగ్గర బయలుదేరి క్రెన్‌షా మీదుగా ఈ పార్కు దాకా వస్తుంది. మేం రోడ్డు పక్కన ఒక పెద్దాయన మడత కుర్చీ పక్కన చోటు చూసుకుని నిలబడ్డాం. ఆయన అమ్మని చూసి ఏమీ మాట్లాడకుండా కుర్చీ ఇచ్చేశాడు. అమ్మ వద్దంటే వినలేదు. మొదట స్కూలు పిల్లల డ్రమ్ముల బృందం, వెనక డ్రిల్ టీమ్, ఆ తర్వాత పొడుగు కర్రల మీద నడిచే మోకో జంబీలు. వాళ్ళలో ఒకతను వంగి, అంత ఎత్తు నుంచి అమ్మకి చెయ్యి కలిపాడు. అందరి చేతుల్లోనూ ఎరుపు, నలుపు, ఆకుపచ్చ జెండాలు. 1920లో నల్లజాతి నాయకుడు మార్కస్ గార్వీ సంస్థ ప్రకటించిన జెండా రంగులివి. క్వాంజా కొవ్వొత్తుల రంగులు కూడా ఇవే.

నిజం చెప్పాలంటే వచ్చేముందు నాకొక అనుమానం ఉండేది. పండుగలు పుడతాయి గానీ, ఎవరో ఒకరు కూర్చుని తయారు చేస్తే అది పండుగవుతుందా?

1965 ఆగస్టులో ఇక్కడికి కొంచెం దూరంలోనే ఉన్న వాట్స్ అనే నల్లజాతి పేటలో, పోలీసుల ట్రాఫిక్ తనిఖీ ఒకదాని దగ్గర మొదలైన గొడవ ఆరు రోజుల తిరుగుబాటు అయింది. 34 మంది చనిపోయారు. ఆ గాయం పచ్చిగా ఉన్నప్పుడే మౌలానా కరెంగా అనే యువకుడు, ఆఫ్రికాలోని రకరకాల తొలిపంట పండుగల నుంచి కొంత కొంత తీసుకుని ఏడు రోజుల పండుగ కూర్చాడు. రోజుకొక సూత్రం: ఉమోజా అంటే ఐక్యత, కుజిచగులియా అంటే మన గురించి మనమే నిర్ణయించుకోవడం, ఉజిమా అంటే కలిసి పనిచేయడం, ఉజమా అంటే సహకార ఆర్థికం, నియా అంటే లక్ష్యం, కుంబా అంటే సృజన, ఇమానీ అంటే విశ్వాసం. మాటలన్నీ స్వాహిలీవి. బానిసలుగా అమెరికాకి తెచ్చినవాళ్ళు ఎక్కువగా పశ్చిమ, మధ్య ఆఫ్రికా నుంచి వచ్చినవాళ్ళైతే, తూర్పు ఆఫ్రికా భాష ఎందుకని అడిగేవాళ్ళూ ఉన్నారు. ఏ ఒక్క తెగకీ చెందని, చాలా దేశాల్లో నడిచే భాష కాబట్టి అన్నది దానికి జవాబు.

కరెంగా విషయంలో దాటేయకూడని సంగతి ఇంకొకటి ఉంది. 1971లో తన సంస్థలోని ఇద్దరు మహిళలని హింసించిన కేసులో ఆయన దోషిగా తేలి జైలుకి వెళ్ళాడు. తాను చేయలేదనే చెప్పాడు. బయటికి వచ్చాక చదువు కొనసాగించి లాంగ్ బీచ్‌లోని కాలిఫోర్నియా స్టేట్ యూనివర్సిటీలో ప్రొఫెసర్ అయ్యాడు. ఇది ఇక్కడివాళ్ళకి తెలియనిదేం కాదు. పూసలమ్మే ఆవిడని కొంచెం మొహమాటంగానే అడిగాను. చేతిలో దారం ఆపకుండా, "పండుగ ఆయనది కాదు తల్లీ, నలభై ఏళ్ళుగా నేను చేస్తున్నాను, నాది" అంది.

ఆ మాట విన్నాక మనవాళ్ళే గుర్తొచ్చారు. ఇంట్లో చేసుకునే వినాయక చవితిని 1890ల్లో తిలక్ వీధిలోకి తెచ్చి జనాన్ని పోగు చేసింది కూడా ఒక ఆలోచనతోనే. ఇవాళ ఖైరతాబాద్ గణేశుడి ముందు నిలబడి ఇది ఎవరు మొదలుపెట్టారని ఎవరడుగుతారు?

పార్కులో ఫౌంటెన్ దగ్గర పూర్వీకులకి నీళ్ళు వదిలే కార్యక్రమం మొదలైంది. తెల్లటి గౌను, తలకి చుట్టిన బట్ట. ఆ పెద్దావిడ ముందు అక్కడున్న ముసలివాళ్ళ అనుమతి అడిగింది. వాళ్ళు తలూపాక చెక్క గిన్నెలోంచి కొద్దికొద్దిగా నీళ్ళు ఒక మొక్క కుండీలో పోస్తూ పేర్లు చెప్పడం మొదలుపెట్టింది. ఒక్కో పేరుకి అందరూ "అషే" అంటున్నారు, అలాగే అగుగాక అని. హ్యారియట్ టబ్‌మన్, అషే. మాల్కమ్ ఎక్స్, అషే. తర్వాత, "మీ ఇళ్ళల్లో వెళ్ళిపోయినవాళ్ళ పేర్లు మీరు చెప్పండి" అంది. నలుమూలల నుంచీ పేర్లు. అమ్మమ్మలు, తమ్ముళ్ళు, ఒకామె ఏడుస్తూ కొడుకు పేరు. "తర్పణం వదుల్తాండారా?" అని అమ్మ మెల్లగా అడిగింది. అవునన్నాను. "మనం చెప్పొచ్చునా?" అంది. నేను ఏం చెప్పాలా అని చూస్తుంటే, పక్కనున్నామెకి విషయం ఎలా అర్థమైందో, మా అమ్మ భుజం తట్టింది. అమ్మ వాళ్ళ నాయన పేరు గట్టిగా చెప్పింది. ప్రొద్దుటూరు పక్క పల్లెలో శనక్కాయలు పండించుకుని బతికిన మా తాత పేరుకి లైమర్ట్ పార్కులో రెండు వందల మంది అషే అన్నారు.

ఇక తిండి. నేను నిజంగా చెప్పాలనుకున్నది ఇదే.

దుకాణాలన్నీ గుడారాల కింద వరసగా ఉన్నాయి. బెండకాయలు, రొయ్యలు వేసి చిక్కగా కాచిన గంబో, వేయించిన క్యాట్‌ఫిష్, పొగ పట్టించిన టర్కీ ముక్కలతో ఉడికించిన కొలార్డ్ ఆకుకూర, మొక్కజొన్న రొట్టె, చిలగడదుంప పై, నైజీరియా వాళ్ళ జొలాఫ్ రైస్. క్యాట్‌ఫిష్ దగ్గర క్యూ ఎంతకీ కదలడం లేదు. అమ్మ మాత్రం ముక్కుపుటాలు ఎగరేసుకుంటూ నేరుగా చివరి గుడారం దగ్గరికి నడిచింది. అక్కడ పెద్ద బాండలిలో ఎర్రటి నూనె. పక్కన గిన్నెలో తెల్లటి పిండిని ఒకావిడ చెక్క గరిటెతో ఆపకుండా గిలక్కొడుతోంది. పిండి నురగలా పొంగాక గరిటెతోనే తీసి నూనెలోకి జారవిడిచింది. అవి మునిగి, తేలి, తిరగబడి, బంగారు రంగుకొచ్చాయి.

"ఏమ్మీ, ఇవి మన అలసంద వడలు కదా!"

బోర్డు మీద అకరా అని ఉంది. బ్లాక్ ఐడ్ పీస్, అంటే మన అలసందలే. కోస్తా, తెలంగాణ వాళ్ళు బొబ్బర్లంటారు. రాత్రి నానబెట్టి, పొద్దున పొట్టు తీసి, ఉల్లిపాయ, మిరపకాయ వేసి రుబ్బడం. అమ్మ నాచేత ఒక్కొక్క ప్రశ్నా అడిగించింది. పొట్టు చేత్తోనే తీస్తారా? అల్లం వెయ్యరా? జీలకర్ర? ఆవిడ పేరు అడగలేదు, అందరూ మామా అనే పిలుస్తున్నారు. లాగోస్‌లో తన అమ్మ పొద్దున్నే రోడ్డు పక్కన ఇవి వేసి పిల్లల్ని చదివించిందట. ఇక్కడివాళ్ళు పామాయిల్ వాసన అలవాటు లేక తినరేమోనని మొదట మామూలు నూనెతో వేసిందట, అడిగి మరీ ఎర్ర నూనె కావాలన్నారట.

తిని చూశాం. పైన కరకర, లోపల దూది. మన వడకంటే మెత్తన, కారం తక్కువ. పామాయిల్ రుచి మాత్రం మొదటి ముక్కకి కొత్తగా అనిపించింది. అమ్మకి నచ్చింది గానీ ఒక్క అభ్యంతరం: మధ్యలో బొక్క ఎందుకు పెట్టలేదు, లోపల సరిగ్గా ఉడికేదెట్లా? నేను అనువాదం చేశాను. మామా పకపకా నవ్వి గిన్నె అమ్మ వైపు జరిపింది. పిండి మరీ పల్చన. అమ్మ చెయ్యి తడుపుకుని ఎంత తంటాలు పడినా వడ నిలవలేదు, నూనెలో పడగానే గొడుగులా విచ్చుకుంది. దాన్ని కూడా మామా తీసి, కాగితంలో చుట్టి, తనకని పక్కన పెట్టుకుంది.

అలసంద పంట పుట్టింది ఆఫ్రికాలోనే. వేల ఏళ్ళ కిందటే సముద్రం మీదుగా మన దేశం చేరింది. రాగి, జొన్న, సజ్జ కూడా అలా వచ్చినవే. రాయలసీమలో రాగిసంగటి, జొన్నరొట్టె, అలసంద వడ తీసేస్తే మా ఇంట్లో వండటానికి ఏం మిగులుతుందో మీరే చెప్పండి. అదే అలసందలు ఇటు బానిసల ఓడల కాలంలో అట్లాంటిక్ దాటాయి. అమెరికా దక్షిణాది రాష్ట్రాల్లో కొత్త సంవత్సరం రోజు వాటిని వండుకుంటే కలిసొస్తుందని ఇప్పటికీ నమ్ముతారు. పక్క గుడారంలో ఎర్రటి సారెల్ షర్బత్ అమ్ముతుంటే, అది గోంగూర పూల కింద ఉండే ఎర్ర రెక్కల్ని అల్లం, లవంగాలతో కాచింది అని చెప్పాను. అమ్మ నమ్మలేదు. తాగాక, "పులుపు అదే" అని ఒప్పుకుంది.

కొన్నవాటి జాబితా రాయను. ఒక్కటి మాత్రం చెబుతాను. షెకెరే అనే వాయిద్యం: ఎండిన సొరకాయ బుర్ర చుట్టూ పూసల వల అల్లుతారు, ఊపితే బుర్ర మీద పూసలు తగిలి మోగుతుంది. అల్లేవాడు ప్రతి ముడీ వేశాక బుర్రని చెవి దగ్గర పెట్టుకుని వింటున్నాడు. వల బిగుతైతే మోగదట, వదులైతే గరగరమంటుందట. ధర అడిగి అమ్మ సగానికి బేరం పెట్టింది. నేను సిగ్గుతో తల దించుకున్నాను. ఉజమా సూత్రం అంటే మనవాళ్ళ దగ్గర మనం కొనుక్కుని మన వీధిని నిలబెట్టుకోవడం, అక్కడికెళ్ళి బేరమా! ఆయన మాత్రం హాయిగా బేరమాడాడు. అద్దెలు పెరుగుతున్నాయి, రైలు వచ్చాక ఇంకా పెరిగాయి, వచ్చే ఏడాది ఈ పేటలో ఎవరుంటారో తెలియదని మధ్యలో అన్నాడు. చివరికి ఐదు డాలర్లు తగ్గించి, క్యాష్ యాప్‌లో తీసుకున్నాడు.

సాయంత్రం కొవ్వొత్తి వెలిగించే వేళకి గాలి మొదలైంది. చాప పరిచిన బల్ల మీద కినారా అనే ఏడు కొవ్వొత్తుల చెక్క స్టాండు. నడుమ నల్ల కొవ్వొత్తి, ఒక పక్క మూడు ఎర్రవి, మరో పక్క మూడు ఆకుపచ్చవి. మొదటి రోజు వెలిగించేది నల్లది. ఏడెనిమిదేళ్ళ పిల్ల లైటర్ పట్టుకుని నిలబడింది. వెలిగిస్తుంది, ఆరిపోతుంది. మళ్ళీ వెలిగిస్తుంది, మళ్ళీ ఆరిపోతుంది. "తొందరేం లేదు బేబీ" అని వెనక నుంచి అరుపులు. పొద్దున అమ్మకి కుర్చీ ఇచ్చిన పెద్దాయన లేచి వెళ్ళి తన రంగురంగుల కెంటే నేతగుడ్డ తీసి అడ్డంగా పట్టుకున్నాడు. ఈసారి నిలిచింది. "హబారి గానీ?" అని మైకులో అడిగారు. ఏమిటి సంగతులు అని పలకరింపు, జవాబు ఆ రోజు సూత్రం. "ఉమోజా!" అని పార్కంతా అరిచింది. ఆ పిల్ల మైకు దగ్గరికొచ్చి ఉమోజా అంటే ఏంటో చెప్పబోయి మర్చిపోయి, వాళ్ళమ్మ వైపు చూసి నవ్వేసింది. నా అనుమానం ఎప్పుడు పోయిందని ఎవరైనా అడిగితే ఈ నిమిషం పేరే చెబుతాను.

డిసెంబర్ 31 రాత్రి కరము, అంటే పెద్ద విందు, ఉంటుందనీ తప్పకుండా రమ్మనీ మామా పిలిచింది. అప్పటికి మేం శాన్ హోసేలో ఉంటాం.

రైలెక్కగానే అమ్మ పెద్దమ్మకి ఫోన్ చేసింది. అక్కడ తెల్లారి ఆరున్నర. "వీళ్ళకీ సంక్రాంతి ఉందక్కా. పెద్దోళ్ళకి నీళ్ళు వదుల్తారు, అలసంద వడలు వేస్తారు. ఐదు వడలు ఎనిమిది డాలర్లు! అల్లం వెయ్యరు. పిండి పల్చన. చెప్పినా వింటుందా ఆ యమ్మ, నవ్వుతాది."