టైటానియం పొడికి తగిన బైండర్: నా అనుభవం

విజయవాడ ఆటోనగర్‌లో మా బాబాయికి ప్లాస్టిక్ మోల్డింగ్ షెడ్డు ఉంది. ఎంటెక్ ప్రాజెక్టుకి టైటానియం పొడితో చిన్న పార్టులు తీద్దామనుకున్నప్పుడు మెషిన్ గురించి దిగుల్లేదు. టెన్షనంతా బైండర్ దగ్గరే, అంటే పొడిని అచ్చులోకి పారించి, ఆకారంలో పట్టి ఉంచే పదార్థం దగ్గరే.

పొడి ఒక్కటే అచ్చులోకి పారదు. ఘనపరిమాణంలో 60–65 శాతం పొడికి మిగతాది మైనం, పాలిమర్ లాంటివి కలిపి వేడిచేస్తేనే పారుతుంది. ఆ తర్వాత ఆ బైండరంతా బయటికి పోవాలి. టైటానియంతో చిక్కంతా ఇక్కడే. వేడెక్కేకొద్దీ కార్బన్‌నీ ఆక్సిజన్‌నీ లోపలికి లాక్కుంటుంది, మళ్లీ వదలదు. 6 శాతం అల్యూమినియం, 4 శాతం వనేడియం ఉండే మిశ్రమంలో ఆక్సిజన్ 0.20, కార్బన్ 0.08 శాతం దాటకూడదు. దాటితే పార్టు పెళుసెక్కుతుంది. కాబట్టి బాగా పారేదాని కన్నా శుభ్రంగా పోయేదే నాకు కావాలి.

పారఫిన్ మైనం, పాలీప్రొపిలీన్ జోడీ పాతదే, నమ్మకమైనదే. కానీ మైనాన్ని కరిగించడానికి పెట్రోల్‌లా ఇట్టే అంటుకునే హెక్సేన్ ద్రావకం కావాలి. పక్క షెడ్డులో పొద్దస్తమానం వెల్డింగు, పైన మే నెల ఎండ. "హెక్సేన్ తొట్టి పెట్టే రోజు ముందే చెప్పరా, నేను ఊరెళ్లిపోతా" అన్నాడు బాబాయి. పాలీఅసిటాల్ అనే ఇంకో పాలిమర్ ఉంది. దాన్ని పోగొట్టడానికేమో నైట్రిక్ ఆమ్లం ఆవిరి, బయటికొచ్చే ఫార్మాల్డిహైడ్‌ని కాల్చే ఏర్పాటు ఉండాలి. మా స్థాయి కాదు.

చివరికి పీఈజీ (పాలీఇథిలీన్ గ్లైకాల్), పీఎంఎంఏ (యాక్రిలిక్ ప్లాస్టిక్), కాస్త స్టియరిక్ ఆమ్లం. పీఈజీ నీళ్లలో కరిగిపోతుంది. పీఎంఎంఏ వేడికి తిరిగి మోనోమర్‌గా, అంటే తాను తయారైన చిన్న అణువులుగా విడిపోయి ఆవిరైపోతుంది, మసి దాదాపు మిగల్చదు.

ఓపిక పరీక్షించింది నీళ్ల తొట్టే. నీళ్లు మరీ వేడైతే పార్టు ఉబ్బి పగులుతుంది. గోరువెచ్చగా ఉంచితే గంటలకు గంటలు. మందం రెట్టింపైతే సమయం దాదాపు నాలుగు రెట్లు. కళ్లతో చూస్తే ఏమీ తెలియదు. పార్టుని ఆరబెట్టి తూచాలి. వేసిన పీఈజీ బరువంతా తగ్గిందంటే పని అయినట్టే.

వాక్యూమ్ ఫర్నేస్ కోసం హైదరాబాద్ వెళ్లాను. బస్సులో డబ్బా ఒళ్లోంచి దించలేదు, ఆ దశలో పార్టుల్ని నిలబెట్టేది పీఎంఎంఏ ఒక్కటే మరి. అక్కడ ముందు ఆర్గాన్ వాయువులో నెమ్మదిగా వేడిచేసి పీఎంఎంఏని పోగొట్టి, తర్వాత యిట్రియా అనే సెరామిక్ పలకల మీద 1300 డిగ్రీల సెల్సియస్ దగ్గర సింటరింగ్ చేశారు, అంటే పొడి రేణువులు కరగకుండానే ఒకదానికొకటి అతుక్కునేలా వేడిచేశారు. ఒక్కో కొలత 15 శాతం దాకా కుదించుకుపోయింది.

పార్టుల పరీక్ష రిపోర్టులో కార్బన్ హద్దులోనే ఉంది. ఆక్సిజన్ మాత్రం అంచు దాకా వచ్చింది. అందులో ఎక్కువ భాగం కొన్న పొడిలోనే ఉంది. ఈసారి 0.13 శాతం లోపు ఆక్సిజన్ ఉన్న పొడికి కొటేషన్ అడిగాను. ధర చూసి బాబాయి ఇంకా నోరు విప్పలేదు.