మూడు ఊళ్లు, ఒకే తాళం: స్ప్లిట్ స్క్రీన్ కచేరీ వీడియో ఎలా చేయాలి

గాత్రం హైదరాబాద్‌లో, వయొలిన్ డాలస్‌లో, మృదంగం విజయవాడలో. ఎవరింట్లో వాళ్లు ఫోన్‌తో తీసి పంపిన మూడు ఫైళ్లను ఒకే తెర మీద పక్కపక్కన కూర్చోబెట్టాలి. ఇలా చేసిన వీడియోల్లో చాలావాటిలో గడులు ముచ్చటగా ఉంటాయి, అంచులు తీరుగా ఉంటాయి, కానీ మృదంగం మీద చెయ్యి పడిన కాసేపటికి గానీ దెబ్బ వినిపించదు. చూసేవాళ్లు కారణం చెప్పలేకపోయినా ఏదో తేడాగా ఉందని ఇట్టే పసిగడతారు. గడులు కుదర్చడం కూడికలు తీసివేతల పని, పావుగంటలో అయిపోతుంది. కష్టమంతా తాళం కుదర్చడంలోనే ఉంది. దాన్ని ఎడిటింగ్ దాకా ఆగకుండా రికార్డింగుకు ముందే మొదలుపెట్టాలి.

ఆది తాళంలో ఐదు నిమిషాల కీర్తన, నిమిషానికి 80 అక్షరాల (తాళంలో ఒక్కో లెక్క ఒక అక్షరం) నడక అనుకుందాం. ఒక అక్షరానికి 0.75 సెకను, ఎనిమిది అక్షరాల ఒక ఆవర్తనానికి, అంటే తాళం ఒక చుట్టుకు, సరిగ్గా 6 సెకన్లు. ముందుగా ఒక క్లిక్ ట్రాక్ (ప్రతి అక్షరానికీ టక్కుమని మోగే ఆడియో) తయారుచేసి ముగ్గురికీ అదే ఫైలు పంపాలి. అందులో పాటకు ముందు రెండు ఖాళీ ఆవర్తనాలు, అంటే 12 సెకన్లు వదలాలి. మొదటి ఆవర్తనంలో ముగ్గురూ కెమెరాకు చేతులు కనిపించేలా 1వ, 5వ, 7వ అక్షరాల మీద చప్పట్లు కొట్టాలి. లఘువు (మొదటి నాలుగు అక్షరాలు) దెబ్బ ఒకటి, ద్రుతాల (తర్వాతి రెండేసి అక్షరాల భాగాలు) దెబ్బలు రెండు, అంతే. రెండో ఆవర్తనంలో కమాను చేతిలోకి తీసుకోవచ్చు, మృదంగం సర్దుకోవచ్చు. సమాన దూరంలో నాలుగు చప్పట్లు కొట్టిస్తే, ఎడిటింగ్‌లో ఒకరి రెండో చప్పట్టును ఇంకొకరి మూడోదానితో కలిపేసే ప్రమాదం ఉంది. ఆది తాళం దెబ్బల మధ్య దూరం అలా ఒకేలా ఉండదు. మొదటిదానికీ రెండోదానికీ మధ్య 3 సెకన్లు, రెండోదానికీ మూడోదానికీ మధ్య 1.5 సెకన్లు. పొరబడే వీల్లేదు. పాట ముగిశాక ఇంకో ఆవర్తనం పాటు ఇవే చప్పట్లు మళ్లీ కొట్టించాలి. వాటి అవసరం తర్వాత వస్తుంది.

మొదట గాత్రం రికార్డు చేయాలి, క్లిక్కూ తంబురా రెండూ చెవిలో వింటూ. తర్వాత ఆ గాత్రం వింటూ మృదంగం. ఆ రెండూ కలిపిన ఫైలు వింటూ చివర్లో వయొలిన్, ఎందుకంటే గాత్రం వెంట నీడలా నడవాల్సింది వయొలినే. ఎవరి శ్రుతిపెట్టె వాళ్లు పెట్టుకుంటే కుదరదు, గాత్రానికి వాడిన తంబురా ఫైలే అందరి చెవుల్లోనూ మోగాలి. ఇయర్‌ఫోన్ వైరుదే వాడాలి. బ్లూటూత్‌లో శబ్దం 100 నుంచి 200 మిల్లీసెకన్లు ఆలస్యంగా చెవికి చేరడం మామూలే. సెకనుకు 30 ఫ్రేముల వీడియోలో అది 3 నుంచి 6 ఫ్రేములు.

ఫోన్లన్నిట్లో ఒకే సెట్టింగ్ ఉండాలి: 1080పి, 30 ఫ్రేములు, ఫోను అడ్డంగా. ఐఫోన్ ఉన్నవాళ్లు హెచ్‌డీఆర్ వీడియో ఆపేయాలి, లేకపోతే ఆ ఒక్క గడి రంగు మిగతా రెంటితో కలవదు. తెర మీద వేలు నొక్కిపెట్టి ఎక్స్‌పోజర్, ఫోకస్ లాక్ చేయాలి. సెల్ఫీ కెమెరాతో తీస్తే కొన్ని ఫోన్లు బొమ్మను అద్దంలోలా తిప్పేస్తాయి, కమాను ఎడమ చేతిలోకి వెళ్లిపోతుంది. మనం ఎడిటింగ్‌కు వాడబోయే సాఫ్ట్‌వేర్ డావిన్చీ రిజాల్వ్‌లో, ఇన్‌స్పెక్టర్ అనే సెట్టింగుల పట్టీలోని ఫ్లిప్ గుర్తు నొక్కితే సరిపోతుంది గానీ, ముందు దాన్ని గమనించాలి కదా.

లైట్ల సంగతి మాత్రం కాస్త నిదానంగా చూసుకోవాలి, ఎందుకంటే ఇది స్ప్లిట్ స్క్రీన్‌లోనే బాగా బయటపడే లోపం. మన కరెంటు 50 హెర్ట్జ్, అంటే చాలా బల్బులు, ట్యూబ్‌లైట్లు సెకనుకు 100 సార్లు ఎక్కుతూ తగ్గుతూ వెలుగుతాయి. అమెరికాలో 60 హెర్ట్జ్, అక్కడ 120 సార్లు. 30 ఫ్రేముల వీడియోలో షట్టర్ (ఒక్కో ఫ్రేముకు వెలుగు పడే సమయం) 1/60 సెకను ఉంటే డాలస్ గది నిలకడగా కనిపిస్తుంది, హైదరాబాద్ గదిలో గోడ మీద నీడలు పాకుతున్నట్టు వెలుగు ఊగుతుంది. విడిగా చూస్తే సర్దుకుపోయే ఆ ఊగు, పక్కన నిలకడైన గడి ఉండేసరికి కంట్లో పొడుస్తుంది. ఫోన్ కెమెరా ప్రో మోడ్‌లో మనవాళ్లు 1/50 లేదా 1/100, అక్కడివాళ్లు 1/60 లేదా 1/120 పెట్టుకోవాలి. ప్రో మోడ్ లేకపోతే పగటిపూట కిటికీ పక్కన, లైట్లన్నీ ఆపేసి తీయడమే మంచిది. తర్వాత సరిచేద్దామంటే రిజాల్వ్‌లో డీఫ్లికర్ ఎఫెక్ట్ డబ్బు కట్టే స్టూడియో వెర్షన్‌లోనే ఉంది.

తీసిన ఫైళ్లను వాట్సాప్‌లో వీడియోగా పంపొద్దు, బొమ్మ నలిగిపోతుంది. డాక్యుమెంటుగా గానీ, డ్రైవ్‌లో గానీ పెట్టాలి.

ఫైళ్లు చేతికొచ్చాక నేరుగా టైమ్‌లైన్ మీదకు లాగేయకండి. ఫోన్‌లో 30 అని రాసి ఉన్నా అది నిలకడగా 30 తీయదు. వెలుతురు తగ్గినా, ఫోన్ వేడెక్కినా ఫ్రేముల మధ్య దూరం మారుతూ పోతుంది. ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ దాన్ని నిలకడైన 30గా తీసుకుంటే, పల్లవి దగ్గర కుదిరిన తాళం చరణానికి వచ్చేసరికి జారిపోతుంది. వీడియో ఫైళ్లను మార్చే ఉచిత సాఫ్ట్‌వేర్ హ్యాండ్‌బ్రేక్‌లో ప్రతి ఫైలునూ ఒకసారి మార్చుకోవాలి. వీడియో ట్యాబ్‌లో ఫ్రేమ్‌రేట్ 30, దాని కింద కాన్‌స్టంట్ ఫ్రేమ్‌రేట్, క్వాలిటీ ఆర్‌ఎఫ్ 18. ఆడియో ట్యాబ్‌లో శాంపిల్ రేట్ 48. చాలా సింక్ (బొమ్మా శబ్దం కలవడం) ఫిర్యాదులకు మందు ఈ ఒక్క మెట్టే అని గట్టిగా చెప్పగలను.

డావిన్చీ రిజాల్వ్ ఉచిత వెర్షన్ ఈ పనికి చాలు. ప్రాజెక్ట్ సెట్టింగ్స్‌లో 1920×1080, 30 ఫ్రేములు ముందే పెట్టండి, ఎందుకంటే క్లిప్పులు వచ్చి చేరాక టైమ్‌లైన్ ఫ్రేమ్‌రేట్ మార్చనివ్వదు. కింది ట్రాక్‌లో మృదంగం, దాని పైన వయొలిన్, ఆ పైన గాత్రం, ఆడియోలో ఒక ట్రాక్‌లో క్లిక్. ఇక్కడ చాలామంది వేవ్‌ఫామ్ (శబ్దపు హెచ్చుతగ్గుల గీత) ఆధారంగా ఆటో అలైన్ నొక్కి, క్లిప్పులు ఎక్కడికో ఎగిరిపోయాయని తల పట్టుకుంటారు. ఒకే శబ్దాన్ని మూడు కెమెరాలు పట్టినప్పుడే ఆ పద్ధతి పనిచేస్తుంది. ఇక్కడ ఒకరు పాడారు, ఒకరు వాయించారు, శబ్దాలు మూడూ వేరు. కాబట్టి చేత్తోనే చేయాలి.

ప్రతి క్లిప్పులోనూ మొదటి చప్పట్టు వేవ్‌ఫామ్‌లో నిటారుగా లేచిన చోట ఎం మీట నొక్కి గుర్తు పెట్టండి. ఆ గుర్తును క్లిక్ ట్రాక్‌లో మొదటి సమానికి, అంటే ఆవర్తనం మొదలయ్యే దెబ్బకు, తెచ్చి అతికించండి. అక్కడి నుంచి 90వ ఫ్రేము దగ్గర రెండో చప్పట్టు, 135వ ఫ్రేము దగ్గర మూడోది పడాలి. మూడూ పడ్డాయంటే బొమ్మ వరకు కుదిరినట్టే. కానీ ఒక ఫ్రేము అంటే 33 మిల్లీసెకన్లు, మృదంగానికి అది చిన్న తేడా కాదు. మనిషి చప్పట్టు కూడా క్లిక్కుకు అటూ ఇటూగానే పడుతుంది. అందుకే రిజాల్వ్‌లో శబ్దం పనులు చేసే ఫెయిర్‌లైట్ పేజీకి వెళ్లి, దగ్గరగా జూమ్ చేసి, శబ్దాన్ని ఫ్రేము కన్నా తక్కువ మేర జరుపుతూ చెవితో తేల్చాలి. పల్లవి ఎడుపు (తాళంలో పాట అందుకునే చోటు), ముక్తాయింపు (ముగింపు జతులు) ముగిసి సమం మీద పడే చోటు, ఈ రెండూ విని నిర్ణయించుకోండి. అంత కొద్ది జరుపుకు బొమ్మను ముట్టుకోనక్కర్లేదు, కన్ను దాన్ని పట్టుకోలేదు.

ఇప్పుడు చివరి చప్పట్ల పని. మొదట్లో కుదిరి, చివర్లో ఒకరి చప్పట్టు రెండు ఫ్రేములకు మించి తప్పితే ఆ ఫైలు హ్యాండ్‌బ్రేక్‌లో సరిగా మారలేదన్నమాట. క్లిప్పు వేగం 99.9 శాతం చేసి సాగదీసే చిట్కా వద్దు. జారుడు పాట పొడవునా ఒకే రీతిలో ఉండదు కాబట్టి చివర్లు కలిసినా మధ్యలో తప్పుతుంది. అసలు ఫైలును మళ్లీ మార్చి తెచ్చుకోవాలి.

సింక్ అయ్యేదాకా ఒక్క కట్ కూడా వేయకూడదు, ఒక్క గడి కూడా చేయకూడదు.

గడుల విషయానికొస్తే, తెరను నిలువుగా మూడు సమాన భాగాలు చేయడం ఈ కచేరీకి నప్పదు. ఒక్కో గడి 640×1080 అవుతుంది, మృదంగానికి అటు వలంతల (కుడి ముఖం) తెగుతుంది, ఇటు ఎడంతల (ఎడమ ముఖం) తెగుతుంది. వీణ ఉంటే కుండ కనిపిస్తే రెండో కొసనుండే యాళి తల కనిపించదు. గాత్రానికి ఎడమ సగమంతా, 960×1080. కుడి సగంలో పైన వయొలిన్, కింద మృదంగం, ఒక్కొక్కటి 960×540. ఈ చిన్న గడులు ఫోను బొమ్మ ఆకారంలోనే ఉంటాయి కాబట్టి ఏమీ కత్తిరించాల్సిన పని లేదు.

వయొలిన్ క్లిప్పు ఎంచుకుని ఇన్‌స్పెక్టర్‌లో జూమ్ 0.5, పొజిషన్ ఎక్స్ 480, వై 270. మృదంగానికి జూమ్ 0.5, ఎక్స్ 480, వై మైనస్ 270. గాత్రానికి జూమ్ ముట్టుకోకుండా క్రాప్ లెఫ్ట్ 480, క్రాప్ రైట్ 480, ఎక్స్ మైనస్ 480. క్రాప్ మరిచిపోతే పై ట్రాక్ కింది రెంటినీ కప్పేస్తుంది, అవి పోయాయని కంగారుపడొద్దు.

పాడే మనిషి సరిగ్గా మధ్యలో కూర్చోకపోతే ఈ అంకెలు మారతాయి, ఎలా మారతాయో తెలిస్తే తడుముకోనక్కర్లేదు. రెండు వైపులా కత్తిరించింది కలిపి 960 కావాలి. ఎడమ నుంచి ఎంత కత్తిరించారో బొమ్మను అంతే ఎడమకు జరపాలి. మనిషి కాస్త ఎడమగా కూర్చుంటే లెఫ్ట్ 300, రైట్ 660, ఎక్స్ మైనస్ 300. ఇవి 1920×1080 క్లిప్పులకు వర్తించే లెక్కలు.

గడుల మధ్య గీత కావాలంటే పైన ఇంకో ట్రాక్‌లో సాలిడ్ కలర్ జనరేటర్ వేసి క్రాప్ లెఫ్ట్ 956, రైట్ 956 ఇవ్వండి, 8 పిక్సెళ్ల నిలువు గీత మిగులుతుంది. కుడి పక్క అడ్డ గీతకు ఇంకో సాలిడ్ కలర్: క్రాప్ టాప్ 536, బాటమ్ 536, లెఫ్ట్ 960. గీత వల్ల గడుల కలయికలో కనిపించే చిన్న చిన్న అంచు తప్పులు కూడా మరుగున పడతాయి. తెలుపు కన్నా ముదురు రంగు మేలు, చూపు మనుషుల మీదే ఉంటుంది.

ప్రీమియర్ ప్రోలో చేసేవాళ్లకు అంకెలు వేరు. అక్కడ లెక్క తెర ఎడమ పై మూల నుంచి మొదలవుతుంది, వై పెరిగితే బొమ్మ కిందికి దిగుతుంది. వయొలిన్‌కు స్కేల్ 50, పొజిషన్ 1440, 270. మృదంగానికి స్కేల్ 50, పొజిషన్ 1440, 810. గాత్రానికి క్రాప్ ఎఫెక్ట్‌లో ఎడమ 25 శాతం, కుడి 25 శాతం, పొజిషన్ 480, 540.

ఇదే పాటలోంచి రీల్ కావాలంటే 1080×1920 టైమ్‌లైన్ వేరుగా తెరిచి, గాత్రం పైన, మృదంగం కింద పెట్టండి. ఒక్కో గడి 1080×960. అడ్డంగా తీసిన క్లిప్పు ఆ టైమ్‌లైన్‌లో 607.5 పిక్సెళ్ల ఎత్తుకు కుంచించుకుని వస్తుంది, 960కి పెంచాలంటే జూమ్ 1.5802. వై 480, మైనస్ 480. పక్కలు వాటంతటవే తెర బయటికి పోతాయి, క్రాప్ అక్కర్లేదు. అయితే మృదంగం రెండు కొసలూ ఇక్కడ తెగుతాయి, అందుకే రీల్ కోసం వాళ్లను కాస్త దూరం నుంచి తీయమని ముందే అడగాలి.

ముగ్గురినీ పాట పొడవునా గడుల్లోనే ఉంచాలన్న నియమమేమీ లేదు. ఆలాపన జరుగుతున్నంతసేపు మృదంగం వాయించే ఆయన ఊరికే కూర్చున్న బొమ్మ తెరలో పావు వంతు ఆక్రమించడం ఎందుకు? ఆలాపనకు గాత్రం నిండు తెరలో, వయొలిన్ జవాబుకు వయొలిన్ నిండు తెరలో ఉండాలి. పల్లవి అందుకునే సమం దగ్గర కట్ చేసి మూడు గడులూ తెరిస్తే, ముగ్గురూ ఒకచోట కలిసినట్టు ఉంటుంది. గడులు జరుగుతూ వచ్చే హంగులు ఇక్కడ అక్కర్లేదు, సమం మీద పడ్డ కట్ ఒక్కటే చాలు.

శబ్దంలో చేయాల్సింది కొంచెమే. మూడు గదుల మోత మూడు రకాలుగా ఉంటుంది కాబట్టి ముగ్గురినీ ఒకే రివర్బ్ (గది ప్రతిధ్వని ఎఫెక్ట్)లోకి పంపాలి. గాత్రం ఎడమ గడిలో ఉందని ఎడమ స్పీకర్లోకి తోయకండి, మధ్యలోనే ఉంచండి. వయొలిన్, మృదంగం కొద్దిగా అటూ ఇటూ జరపొచ్చు. యూట్యూబ్ ఎలాగూ మైనస్ 14 లఫ్స్ (శబ్దపు మోతకు కొలత) దగ్గరికి తగ్గిస్తుంది గనక మోత పెంచి లాభం లేదు.

రిజాల్వ్‌లో చివరి ఫైలు తయారుచేసే డెలివర్ పేజీలో ఎంపీ4, హెచ్.264, 30 ఫ్రేములు, క్వాలిటీలో రిస్ట్రిక్ట్ టు 16000 కిలోబిట్లు. యూట్యూబ్ 1080పి, 30 ఫ్రేములకు 8 మెగాబిట్లు చాలంటుంది గానీ, మూడు బొమ్మల వివరం ఒకే తెరలో ఉంది కాబట్టి రెట్టింపు ఇవ్వడమే నయం. ఫైలు వచ్చాక అప్‌లోడ్ చేసే ముందు ఫోన్‌లో, వైరు ఇయర్‌ఫోన్‌తో, చివరి ముక్తాయింపు దగ్గర మృదంగం చేతుల మీదే కన్ను పెట్టి ఒకసారి చూడండి. ఆ తర్వాతే చప్పట్ల ఆవర్తనాలు కత్తిరించి, ఫైలు ఇంకోసారి రెండర్ చేసి ఎక్కించండి.