రెండో ‘సీ’ కొట్టాక

రాత్రి ఒంటిగంట దాటింది. వైఫై ఇప్పుడే తిరిగి వచ్చింది.

నా ల్యాప్‌టాప్‌లో ఆర్చ్ లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ ఉంది. రెండేళ్లలో ఒక్కసారి కూడా మళ్లీ ఇన్‌స్టాల్ చేసే అవసరం రాలేదని గర్వంగానే చెబుతాను. సాయంత్రం అప్‌డేట్ మొదలుపెడితే డిస్కులో చోటు లేదని ఆగిపోయింది. సిస్టమ్ ఉండే డిస్కు భాగం, అంటే రూట్ పార్టిషన్, 40 జీబీ. అందులో 17 జీబీ ప్యాకేజీల క్యాష్‌దే, అంటే దించుకున్న సాఫ్ట్‌వేర్ ఫైళ్లు దాచే ఫోల్డరుదే. దించిన ప్రతి వెర్షన్నూ, ఆర్చ్‌లో సాఫ్ట్‌వేర్ ఎక్కించే ప్రోగ్రామ్ ప్యాక్‌మ్యాన్ అలాగే ఉంచుతుంది, తనంతట తాను తీసేయదు.

ఆఫీసులో ఒక సీనియర్‌కు ఫోన్ చేశాను. “ప్యాక్‌మ్యాన్ కమాండ్‌లో ఎస్ తర్వాత రెండు సీలు పెట్టి కొట్టు, అంతా శుభ్రం” అని పెట్టేశారు. కొట్టాను. క్యాష్‌లోని ఫైళ్లన్నీ తీసేయాలా అని అడిగింది. ప్రశ్న చివర ‘వై’ చిన్నక్షరం, ‘ఎన్’ పెద్దక్షరం. ఉత్త ఎంటర్ నొక్కితే వద్దన్నట్టే. తయారుచేసినవాళ్లు ఒక్క క్షణం ఆగమని అక్కడే చెప్పారు. నేను ఆగకుండా ‘వై’ కొట్టాను. చోటు వచ్చింది, అప్‌డేట్ పూర్తయింది, రీబూట్ చేశాను. వైఫై లేదు!

అప్‌డేట్‌తో వచ్చిన కొత్త కెర్నల్‌కూ, అంటే హార్డ్‌వేర్‌ను నడిపే సిస్టమ్ మూలభాగానికీ, నా వైఫై కార్డుకూ పొసగలేదు. ఇలాంటప్పుడు క్యాష్‌లోని పాత కెర్నల్‌ను మళ్లీ ఎక్కిస్తే ఐదు నిమిషాల పని, ఇదివరకు రెండుసార్లు చేశాను. ఫోల్డరు తెరిస్తే అప్పుడే దిగిన కొత్తది ఒక్కటే ఉంది. ఒక్క ‘సీ’తో ఆపి ఉంటే, అప్పటికి ఇన్‌స్టాల్ అయి ఉన్న వెర్షన్లు మిగిలేవి. ఆయనకే మళ్లీ ఫోన్ చేశాను. “చూసుకోవాలి కదయ్యా, ఇన్నేళ్లుగా వాడుతున్నావు” అన్నారు. పక్కన ఎవరో నవ్వడం వినిపించింది. ముఖం చెల్లలేదు. కమాండ్ చెప్పేవాళ్లు అది ఏం తీసేస్తుందో కూడా చెప్పాలి. అర మాట చెప్పి వదిలేయడం సాయం కాదు.

ఫోన్‌ను యూఎస్‌బీ కేబుల్‌తో కలిపి ఇంటర్నెట్ తెచ్చుకున్నాను. మొదటి కేబుల్ ఛార్జింగుకే పనికొచ్చింది, రెండోది పనిచేసింది. పాత వెర్షన్ నంబరు ప్యాక్‌మ్యాన్ లాగ్ ఫైలులో దొరికింది. పాత వెర్షన్లు దాచి ఉంచే ఆర్చ్ ఆర్కైవ్ నుంచి ఆ కెర్నల్ దించి ఎక్కించాను. అప్‌డేట్లు ప్రస్తుతానికి దాన్ని ముట్టుకోకుండా కాన్ఫిగ్‌లో ఇగ్నోర్ వరుసలో చేర్చాను.

క్యాష్ శుభ్రం చేయాలంటే ప్యాక్‌మ్యాన్-కాంట్రిబ్ అనే ప్యాకేజీ వేసుకోండి. అందులోని ప్యాక్‌క్యాష్ ప్రతి ప్యాకేజీకీ చివరి 3 వెర్షన్లు ఉంచి మిగతావి తీసేస్తుంది. వారానికోసారి తానే నడిచే టైమర్ కూడా ఉంది. ఇందాకే దాన్ని ఆన్ చేశాను.