పాత టీపాట్: మూత దానిదేనా, అతుకు ఎప్పటిది?

టీపాట్ చూడటానికి ఒక్క వస్తువే గానీ, అది ఏడు ముక్కల ఉమ్మడి కాపురం. ఒళ్లు, అడుగు, కొమ్ము, పిడి, బందు, మూత, మూత మీద బొడిపె. వెండి పాట్‌లో ఇవి విడివిడిగా తయారై, చాలావరకు టంకంతో కలిసినవి. రెండు వందల ఏళ్ల వాడకంలో వీటిలో ఏదో ఒకటి ఊడుతుంది, విరుగుతుంది, ఇంకొకటి వచ్చి చేరుతుంది. అందుకే వెండి టీపాట్ అయినా పింగాణీ టీ సెట్టు అయినా కొనేముందు తేల్చుకోవాల్సింది ఒకటే: ఈ ముక్కలన్నీ మొదటి నుంచీ కలిసే ఉన్నాయా? నగిషీ అందం, తయారీదారు పేరు ఆ తర్వాతి సంగతులు.

ముందు అడుగు తిప్పి ముద్రలు చూడండి. కొత్తగా మొదలుపెట్టేవారికి ఇంగ్లండు వెండి మంచి బడి, ఎందుకంటే అక్కడి పరీక్షశాలలు వందల ఏళ్లుగా ఒక క్రమంలో ముద్రలు కొడుతున్నాయి. నడుస్తున్న సింహం ఉంటే స్టెర్లింగ్, అంటే 1000 పాళ్లలో 925 పాళ్లు వెండి. చిరుతపులి తల లండన్‌ది, లంగరు బర్మింగ్‌హామ్‌ది. షెఫీల్డ్‌కు 1974 దాకా కిరీటం, ఆ తర్వాత గులాబీ. కోట ఉంటే స్కాట్లండులోని ఎడిన్‌బరో. అక్కడ 1759 నుంచి సింహం స్థానంలో తిసిల్ పువ్వు కొట్టేవారు. 1697 నుంచి 1720 వరకు ఇంగ్లండులో వెండి పాళ్లు 958కి పెంచారు. ఆ కాలపు వస్తువు మీద సింహం బదులు కూర్చున్న బ్రిటానియా, అంటే బ్రిటన్‌కు ప్రతీకైన స్త్రీ బొమ్మ ఉంటుంది.

ఏడాది చెప్పేది ఒక్క అక్షరం. చాలామంది తప్పటడుగు వేసేది ఇక్కడే. లండన్‌లో 20 అక్షరాల చుట్టు నడిచేది, అది పూర్తవగానే మళ్లీ మొదటి అక్షరం. అంటే ఒకే అక్షరం ప్రతి 20 ఏళ్లకూ తిరిగొస్తుంది. తేడా అంతా అక్షరం రాతలోనూ, దాని చుట్టూ ఉన్న డాలు ఆకారంలోనూ ఉంటుంది. కాబట్టి అక్షరం ఒక్కటే కాక డాలు కింది అంచు వంపుతో సహా పట్టికతో పోల్చాలి. రాజు లేదా రాణి తల ముద్ర ఉంటే పని ఇంకా తేలిక: అది సుంకం కట్టినట్టు గుర్తు, 1784 నుంచి 1890 వరకే ఉంది.

ఇప్పుడు మూత తెరవండి. మంచి జార్జియన్ (జార్జి రాజుల కాలపు) టీపాట్లలో మూత లోపల కూడా సింహం, తయారీదారు ముద్ర కనిపిస్తాయి. మూత మీది ముద్ర, ఒంటి మీది ముద్ర ఒకే చేతివి కాకపోతే అది అతుకుల బొంతే. మూత మీద ముద్ర లేకపోయినంత మాత్రాన నకిలీ అని తీర్పు చెప్పనక్కర్లేదు, కానీ బందును ఇంకాస్త శ్రద్ధగా చూడాలి. బందు గొట్టాల చుట్టూ బూడిదరంగు మరకలా కనిపిస్తే అది సీసం కలిసిన టంకం. చవక మరమ్మతుకు అది తిరుగులేని గుర్తు. దీంతో చిక్కు రంగు ఒక్కటే కాదు. తర్వాత ఎప్పుడైనా కంసాలి అదే చోట వెండి టంకం కోసం వేడిచేస్తే, మిగిలిపోయిన సీసం వెండిలోకి దిగి లోహాన్ని తినేస్తుంది, చిల్లు పడుతుంది. సీసం మొత్తం గీకి తీసేదాకా అక్కడ మంట పెట్టకూడదు. అలాంటి పాట్‌లో టీ తాగకూడదు కూడా.

అతుకులు పట్టుకోవడానికి పరికరం అక్కర్లేదు, ఊపిరి చాలు. చల్లగా ఉన్న వెండి మీద నోటితో నెమ్మదిగా ఆవిరి ఊదితే మెరుపు కాసేపు మాయమై, కింద దాగిన గీతలు బయటపడతాయి. టంకం వెండి కంటే వేరే రంగులో తేలుతుంది. ముద్రల చుట్టూ గుండ్రంగానో చతురస్రంగానో గీత కనిపిస్తే, ఆ ముద్రలు వేరే వస్తువు నుంచి కోసి తెచ్చి అతికించినవి. 1720లో ఔన్సుకు 6 పెన్నీల సుంకం వచ్చాక కొందరు కంసాలులు చిన్న వస్తువు మీద ముద్రలు వేయించి, ఆ ముక్కను పెద్ద వస్తువు అడుగున అతికించేవారు. 1758లో ఆ సుంకం ఎత్తేసేదాకా ఈ పని సాగింది. అప్పటి మోసం వేరు, నిన్న మొన్నటి నకిలీ వేరు. అయినా రెండింటినీ గుర్తుపట్టేది ఆ ఒక్క గీతతోనే.

ఇక్కడే ఒక తిరకాసు ఉంది. పాత షెఫీల్డ్ ప్లేటు మీద ఊదినప్పుడు వంశచిహ్నం చుట్టూ ముక్క అతికిన గీత కనిపిస్తే అది మంచి గుర్తు. 1740లలో థామస్ బౌల్సోవర్ కనిపెట్టిన ఆ పద్ధతిలో రాగి రేకు మీద వెండి రేకును వేడితో అతికించి, రెండూ కలిపి సాగదీసేవారు. దాని మీద నేరుగా చెక్కితే ఉలి వెండిని దాటి రాగికి తగులుతుంది. అందుకే చెక్కాల్సిన చోట ముందే మందమైన వెండి ముక్క పొదిగేవారు. గట్టి వెండిలో అనుమానం కలిగించే గీతే ఇక్కడ నమ్మకం ఇస్తుంది. అంచుల దగ్గర రాగి గులాబీరంగులో తొంగిచూస్తున్నా కంగారుపడొద్దు, మళ్లీ పూత వేయించొద్దు. వేయిస్తే అది షెఫీల్డ్ ప్లేటుగా దాని విలువ పోగొట్టుకుంటుంది. 1840లో ఎల్కింగ్టన్ పేటెంటుతో విద్యుత్ పూత వచ్చాక ఈ పాత పద్ధతి వెనకబడింది. ఇ.పి.ఎన్.ఎస్. అన్న నాలుగు అక్షరాలు నాలుగు డాళ్లలో ఉంటే దూరం నుంచి హాల్‌మార్కులాగే కనిపిస్తాయి. అవి నికెల్ మిశ్రమం మీద వెండి పూత అని చెప్పే అక్షరాలు, అంతే.

చెరిపేసిన వంశచిహ్నం మరో గుంట. పాత యజమాని గుర్తును అరగదీస్తే అక్కడ రేకు పలచబడుతుంది. పాట్ పక్కభాగం మధ్యలో బొటనవేలితో నెమ్మదిగా నొక్కితే, పలచని చోట రేకు కొద్దిగా లోపలికి వెళ్లి మళ్లీ పైకి వస్తుంది. వెలుగులో వాలుగా పట్టి చూసినా అక్కడ ప్రతిబింబం వంగుతుంది. నా దృష్టిలో ఇలాంటి పాట్ కంటే, ఎవరిదో తెలియని మోనోగ్రామ్ (పేరు పొడి అక్షరాలు అల్లిన గుర్తు) చెక్కుచెదరకుండా ఉన్న పాట్ ఎంతో మేలు.

తూకం కూడా సాక్ష్యమే. కొన్నిటి అడుగున సన్నని సూదితో గీసినట్టు అంకెలుంటాయి: ట్రాయ్ ఔన్సులు, పెన్నీవెయిట్లు. ఒక ట్రాయ్ ఔన్సు 31.1 గ్రాములు, 20 పెన్నీవెయిట్లు ఒక ఔన్సు. గీసిన తూకం 17 ఔన్సుల 10 పెన్నీవెయిట్లు అనుకుందాం, అంటే సుమారు 544 గ్రాములు. ఇప్పుడు తూస్తే పదో పదిహేనో గ్రాములు తగ్గితే అది తోమకంతో అరిగినది. వంద గ్రాములు తేడా వస్తే ఏదో ముక్క మారింది. తూకం పెరిగితే ఇంకా అనుమానించాలి: కొమ్మో పాదమో తర్వాత చేరి ఉంటుంది. ఇప్పుడు తూచేటప్పుడు కర్ర పిడి బరువు కూడా కలుస్తుందని మరవొద్దు.

పిడి సంగతి. వెండి వేడిని ఆపదు కాబట్టి పిడి నల్ల చేవకర్రతో చేసేవారు. వెండి పిడి అయితే పైనా కిందా తెల్లటి బిళ్లలు అడ్డం పెట్టి వేడి పాకకుండా చూసేవారు. కర్ర పిడిని వెండి తొడుగుల్లో పట్టి ఉంచేవి సన్నని మేకులు. పిడి కదులుతోందని బంక పోయడం పెద్ద తప్పు. మేకు తీసి, కర్రలో వదులైన కన్నాన్ని సన్నని కర్ర పుల్లతో నింపి, కొత్త మేకు దించాలి. తెల్ల బిళ్లలు చాలావరకు ఏనుగు దంతం. దేశం దాటించేముందు చట్టం చూసుకోవాలి. బ్రిటన్‌లో 2018 నాటి దంతం చట్టం 2022 జూన్‌లో అమల్లోకి వచ్చింది. 1947కు ముందు చేసి, దంతం పదో వంతు కంటే తక్కువున్న వస్తువుకు మినహాయింపు ఉంది గానీ, అమ్మేముందు నమోదు తప్పనిసరి.

చివరి పరీక్ష నీళ్లతో. పాట్‌ను పొడి కాగితం మీద పెట్టి గోరువెచ్చని నీళ్లు అంచుదాకా పోసి అరగంట వదలండి. కొమ్ము మొదట్లో, అడుగు అంచున తడి కనిపిస్తే అతుకు వదిలింది. ఇంకొకటి గమనించాలి: పాట్ నిండకముందే కొమ్ము కొసనుంచి నీళ్లు కారిపోతుంటే, దెబ్బతిన్న కొసను ఎవరో కోసి నున్నగా చేశారన్న అనుమానం రావాలి. కొమ్ము కొస పాట్ అంచుతో సమానంగానో కాస్త పైకో ఉండాలి. పింగాణీకీ ఇదే సూత్రం, అక్కడ కొస అరగదీయడం ఇంకా ఎక్కువ.

తోమడం విషయంలో తక్కువే మేలు. వెండి నల్లబడటానికి కారణం గాలిలోని గంధకం. ఉన్ని, రబ్బరు, కోడిగుడ్డు దాన్ని ఇంకా పెంచుతాయి. రబ్బరు బ్యాండ్ కట్టిన చోట నల్లటి చార లోతుగా దిగుతుంది. మెత్తని సుద్దపొడిని శుద్ధజలంతో పెరుగంత చిక్కగా కలిపి, దూదితో తుడవాలి, ముద్రల మీద మాత్రం రుద్దకూడదు. ముంచితే తెల్లబడే ద్రావకాలు నగిషీ లోతుల్లోని నలుపునూ తీసేస్తాయి, నగిషీకి లోతు చూపించేది ఆ నలుపే. అల్యూమినియం రేకు, వంటసోడా పద్ధతికీ అదే దోషం. పైగా కర్ర పిడి, బందు ఉన్న పాట్‌ను వేడినీళ్లలో ముంచాల్సి వస్తుంది. లోపలి టీ మరకలకు ఒక చెంచా వంటసోడా వేసిన వేడినీళ్లు గంటసేపు నింపి, మెత్తని గుడ్డతో తుడిస్తే చాలు. ఆరబెట్టేటప్పుడు మూత తెరిచే ఉంచాలి.

పింగాణీకి వస్తే ముందు మట్టి తెలియాలి. జర్మనీలోని మైసెన్ కర్మాగారం 1710లో మొదలైంది. యూరప్‌లో గట్టి పింగాణీ గుట్టు విప్పిన బోట్గర్ పని అక్కడే నిలదొక్కుకుంది. కేయొలిన్ మట్టితో చేసి సుమారు 1400 డిగ్రీల వేడిలో కాల్చేది అది. ఇంగ్లండులో 18వ శతాబ్దం చివర జొసయ్యా స్పోడ్ స్థిరపరిచిన బోన్ చైనాలో దాదాపు సగం ఎముకల బూడిద. వెనక టార్చి పెట్టి చూస్తే రెండింటిలోనూ వెలుగు దాటుతుంది. బోన్ చైనా పాలమీగడ తెలుపు, గట్టి పింగాణీ కాస్త నీలి బూడిద తెలుపు. వెలుగు దాటకపోతే అది మట్టిపాత్ర లేదా స్టోన్‌వేర్, పేరు ఎంత పెద్దదైనా.

మైసెన్ ముద్ర ఒకదానికొకటి అడ్డంగా ఉన్న రెండు కత్తులు. దానికి నకిలీలు లెక్కలేనన్ని, కాబట్టి కత్తులు చూడగానే మురిసిపోవద్దు. దేశం పేరు ఎక్కువ నమ్మదగ్గ ఆధారం. అమెరికా 1891 నుంచి దిగుమతి వస్తువు మీద దేశం పేరు ఉండాలంది. ‘నిప్పాన్’ అని ఉంటే 1891, 1921 మధ్యది; ఆ తర్వాత ‘జపాన్’. ‘ఆక్యుపైడ్ జపాన్’ రెండో ప్రపంచయుద్ధం తర్వాతి ఏళ్లది. ఫ్రాన్సులోని లిమోజ్ సెట్లలో రెండు ముద్రలు చూసి గాభరా పడొద్దు: గ్లేజు (పైన గాజులా మెరిసే పొర) కింద ఆకుపచ్చది తెల్లపాత్ర చేసినవారిది, గ్లేజు పైన ఉన్నది బొమ్మ వేసినవారిది. ఒక సెట్టులో కొన్ని కప్పులకు ఒక చిత్రకారుల ముద్ర, కొన్నిటికి ఇంకొకటి ఉంటే అది ఏరికూర్చిన సెట్టు.

ముక్కల లెక్క చాలామందిని తికమక పెడుతుంది. 21 ముక్కల ఇంగ్లిష్ టీ సెట్టులో 6 కప్పులు, 6 సాసర్లు, 6 చిన్న పళ్లేలు, ఒక కేకు పళ్లెం, పాలజగ్గు, చక్కెరగిన్నె. టీపాట్ ఇందులో లేదు, అది విడిగా అమ్మేవారు. కాబట్టి టీపాట్ లేదని సెట్టును కొరతగా చూడకూడదు. టీపాట్ ఉంటే మాత్రం దాని అడుగున రాసిన నమూనా అంకె మిగతావాటితో సరిపోతుందా చూడాలి. 19వ శతాబ్దం తొలినాళ్ల ‘ట్రియో’ వేరు: ఒక టీ కప్పు, ఒక కాఫీ కప్పు, రెండింటికీ ఒకటే సాసర్. ఇప్పటి వాడుకలో ట్రియో అంటే కప్పు, సాసర్, పళ్లెం.

కప్పును పాదం కింద వేళ్ల కొసల మీద నిలిపి, అంచును గోటితో తట్టండి. గంటలా మోగితే బాగుంది, డబ్‌మని ఆగితే ఎక్కడో బీట ఉంది. పిడి పట్టుకుని తట్టొద్దు, అతికిన పిడి చేతిలో మిగులుతుంది. చీకట్లో 365 నానోమీటర్ల అతినీలలోహిత టార్చి వేస్తే మరమ్మతు రంగు, జిగురు ఒంటి కంటే వేరుగా వెలుగుతాయి. ఎక్కువగా దెబ్బతినేవి కొమ్ము కొస, మూత లోపలి పెదవి, బొడిపె. పెదవి పెచ్చు మూత మూసి ఉంటే కనిపించదు, అందుకే ఫొటోలు చూసి కొనేవారు మూత తిరగేసిన ఫొటో అడిగి తీరాలి. గ్లేజు మీద సాలెగూడులాంటి గీతలు వేరు: ఒళ్లూ గ్లేజూ వేడికి సమానంగా వ్యాకోచించకపోతే వచ్చేవి అవి. వాటిలోకి టీ దిగి గోధుమరంగు పట్టిందంటే ఆ కప్పు అలంకారానికే.

బీటలో మరక పడితే 3 నుంచి 6 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్‌లో తడిపిన దూది వేసి, పైన ప్లాస్టిక్ కప్పి ఒక రాత్రి ఉంచి, తర్వాత శుద్ధజలంలో బాగా నానబెట్టాలి. గ్లేజు పైన బంగారు పూత ఉన్న చోట వద్దు. క్లోరిన్ బ్లీచు అసలే వద్దు. దాని లవణాలు బీటలో స్ఫటికాలై గ్లేజును లోపలినుంచి పెచ్చులుగా ఊడగొడతాయి. నిమ్మరసం, వెనిగర్ వేసిన నీళ్లూ పాత రంగులకు, బంగారు పూతకు శత్రువులే.

వాడే పాట్ అయితే మరిగే నీళ్లు ఒక్కసారిగా పోయకండి. ముందు గోరువెచ్చని నీళ్లు, రెండు నిమిషాలయ్యాక వేడివి. పంపేటప్పుడు మూతను ఒంటి మీద పెట్టి టేపు వేయడం వల్లే ఎన్నో బొడిపెలు, పెదవులు పోయాయి. మూత విడిగా, పాట్ లోపల మెత్తని కాగితం వదులుగా, కొమ్ము చుట్టూ కాగితపు చుట్ట, పెట్టెలో పెట్టె, రెండు పెట్టెల మధ్య అన్ని వైపులా 5 సెంటీమీటర్ల మెత్తదనం. వెండిదైతే ఆమ్లం లేని కాగితమే వాడాలి, పాత వార్తాపత్రిక కాదు.